ఇద్దరు దేముడమ్మలు

మా ఆయన పేరు సోములు. ఇప్పుడు ఇలా తడుముకోకుండా రాసేస్తున్నాను గానీ, కాపురానికి వచ్చిన కొత్తలో సోమవారాన్ని కూడా నేను "ఆదోరం మర్నాడు" అనేదాన్ని. మొగుడి పేరు నోట పలకకూడదు మరి. అది ఊళ్లో ఆడవాళ్లందరికీ ఉన్నదే, నేనొక్కదాన్నే కూర్చుని ఏడవాల్సిన సంగతి కాదు. నా బాధ వేరు. ఆ ఇంట్లో నా పేరు కూడా ఎవరూ పలకకూడదు.

ఎందుకంటే నా పేరు దేముడమ్మ. మా అత్త పేరూ దేముడమ్మే. కన్నతల్లి పేరు పెట్టి పెళ్లాన్ని పిలవడం మా వైపు తప్పు. "ఒసే దేముడమ్మా" అని కొడుకు కేకేస్తే తల్లిని కేకేసినట్టే కదా. అందుకని సంబంధం కుదిరిన రోజే పెద్దలు తేల్చేశారు, పిల్లని అమ్మడూ అని పిలుద్దామని. గరివిడి దగ్గర మా పుట్టింట్లో దేముడమ్మగా బండెక్కి, శ్రీకూర్మం పక్కన అత్తవారింట్లో అమ్మడుగా దిగాను. ముద్దుపేరే, కాదనను. ఎవరూ దాన్ని నాకు కోపంతో పెట్టలేదు. కానీ అయిదో తరగతి దాకా చదువుకున్నదాన్ని, నా పేరు నా చేత్తో రాసుకోవడం వచ్చినదాన్ని. అది ఉన్నట్టుండి ఎవరి నోటా వినబడకుండా పోతే, ఇంట్లో వస్తువేదో పోయినట్టు అప్పుడప్పుడూ వెతుక్కునేదాన్ని.

అరవై ఏడులో ఎన్నికలు వచ్చాయి. వరి కోతలతో మొదలై మినుము పీకే రోజులకి ముగిసిన హడావుడి అది. ఊరికి దానివల్ల ఏం ఒరిగిందో నాకు తెలియదు గానీ, నాకు ఒరిగింది మాత్రం ఈరోజుకీ తలుచుకుంటాను.

కోతలప్పుడు, ఓటర్ల పేర్లు రాసుకోవడానికి ఒక మేష్టారు ఇంటింటికీ తిరిగారు. మా అరుగు మీద కూర్చుని కాగితాలు పరుచుకున్నారు. అత్త చేటతో బియ్యం చెరుగుతోంది. నేను తలుపు వెనక ఉన్నాను.

"ఇంట్లో ఓటున్నవాళ్లు ఎవరెవరమ్మా?"

"నా కొడుకు సోములు. నాను, దేముడమ్మని. మాయనది పూరీలో సామి పేరు, ఆయన పోయి శానా కాలమైనాది."

"జగన్నాధం, సరే. ఇంకా?"

"మా కోడలు."

"పేరు?"

"అమ్మడు."

"అది ముద్దుపేరమ్మా. అసలు పేరు కావాలి. ఇలాంటివి రాసుకెళ్తే పైవాళ్లు నన్ను తిడతారు."

చేట ఆగింది. అంతకు ముందే తన పేరు తాను గడగడా చెప్పిన మనిషి, అదే పేరు నాదని చెప్పడానికి తటపటాయించింది.

"దాందీ నా పేరే బాబూ" అంది చివరికి.

"మీ పేరు రాశాను కదమ్మా."

"ఆఁ, అదే. నా పేరే."

"రాశానమ్మా, రాశాను!" అని ఆయన విసుక్కుని, కాగితాలు సర్దుకుని, గొడుగు పట్టుకుని పక్కింటికి వెళ్లిపోయారు. పరాయి మగాళ్ల ముందు కోడళ్లు నోరు విప్పని రోజులు కాబట్టి నేను విప్పలేదు. అత్త చెప్పేసిందని నేననుకున్నాను, చెప్పేశానని ఆవిడనుకుంది, రాసేశానని ఆయననుకున్నారు. ముగ్గురం హాయిగా ఉన్నాం.

నూర్పుల రోజుల్లో ఆ జాబితా వచ్చింది. మా ఆయన బడి దగ్గర చూసి వచ్చి, అన్నం కలుపుకుంటూ చెప్పాడు.

"మనింటికి రెండోట్లు పడినాయి. నాదీ, అమ్మదీ."

"మరి నాదో?"

"నీది లేదు."

"లేదంటే ఏటి మావా?"

"మీ ఇద్దరి పేరూ ఒకటే కదేటి. ఒకటే రాసీసినారు. పోనీలే, ఎవులేస్తే ఏటి? ఇంట్లో ఓటు ఇంట్లోనే ఉన్నాది కదా."

ఆయనకు అందులో తప్పేమీ కనబడలేదు. చెడ్డవాడు కాదు, ఆకలి మీదున్నాడు అంతే. నేను చారు వడ్డించి పెరట్లోకి పోయాను. ఏడుపు తన్నుకొచ్చింది. తోమిన గిన్నెనే మళ్లీ తోముతూ కూర్చున్నాను. కాసేపటికి అత్త వచ్చి నూతి గట్టు మీద కూర్చుని, చుట్ట ముట్టించి నిప్పున్న కొస నోట్లోకి తిప్పి పెట్టుకుంది. మా వైపు పెద్దవాళ్లు అలాగే కాలుస్తారు, అడ్డపొగ అంటారు.

"గిన్నెకి సిల్లెడతావేటే?" అంది.

నాకు ఇంక ఆగలేదు. "ఇంట్లో పిలవకపోతే పోనీ అత్తా. సర్కారోళ్లు కూడా నాను లేనన్నారు."

"ఎందుకంటారు? ఆ మేష్టరికి నాను సెప్పనేదేటి?"

"నా పేరే, నా పేరే అన్నావు. నీ పేరే రాసుకున్నాడు."

"మరి నా పేరే కదే!"

అనేసి ఆవిడ ఆగిపోయింది. చుట్ట బయటికి తీసింది. విషయం ఎక్కడ జారిపోయిందో అప్పటికి అర్థమైంది ఆవిడకి. "ఒలమ్మా! అలగైనాదేటి!" అని, పొగ గొంతులో అడ్డం పడి దగ్గు వచ్చేదాకా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అది చూసి తనూ మానేసింది. కళ్లు తుడుచుకుంటూ నన్ను కాసేపు అలాగే చూసి, "రేపు సిక్కోలెల్దాం. ఎవులికి సెప్పాలో సెప్పొద్దాం" అంది.

"కళ్లంలో పనో?"

"ఆడు సూసుకుంటాడు. ఓటున్నోడు కదా" అంది, లోపల భోంచేస్తున్న కొడుక్కి వినబడేలా.

శ్రీకాకుళం తాలూకా ఆఫీసులో గుమాస్తా మంచివాడే గానీ తొందరమనిషి. కొత్తగా పేరు చేర్చాలంటే దరఖాస్తు పెట్టాలన్నాడు. కలం తీసి, పేరు చెప్పమన్నాడు. నేను అత్త వైపు చూశాను. అది నా పేరే, అయినా ఆవిడ పేరు కూడా. పక్కన నిలబడ్డ అత్త ముఖం మీదే ఆవిడ పేరు ఎలా అనేది?

"నానటు తిరుగుతాన్లే, సెప్పీ" అంది అత్త, నిజంగానే గోడ వైపు తిరిగి.

అటు తిరిగినా చెవులు ఉంటాయి కదా. నా నోరు పెగల్లేదు. గుమాస్తా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. అప్పుడు తట్టింది నాకు. నోటితో అనకూడదన్నారు గానీ, చేత్తో రాయకూడదని ఎవరూ అనలేదు. "ఇలాగివ్వండి బాబూ" అని కాగితం తీసుకుని బల్ల మీద వంగాను. పెళ్లయ్యాక కలం పట్టింది అదే మొదలు. పేరు: దేముడమ్మ. భర్త పేరు: సోములు. అంత ధైర్యంగా మా ఆయన పేరు ఎన్నడూ అనలేదు, ఆ రోజు కొమ్ములతో సహా గుండ్రంగా రాసేశాను.

అత్త ఇటు తిరిగి కాగితం మీదికి వంగింది. ఆవిడకి చదువు రాదు.

"ఇందులో నీ పేరెక్కడే?"

వేలు పెట్టి చూపించాను.

"అయితే నాదీ ఇలగే ఉంటాదా?"

"ఇలగే అత్తా. ఇదే."

ఆవిడ ఆ అక్షరాల మీద వేలు పెట్టి, మొదటి నుంచి చివరి దాకా మెల్లగా జరిపింది. "బాగున్నాది" అంది. దారి పొడవునా మళ్లీ ఆ మాట ఎత్తలేదు, శ్రీకూర్మం బస్సు ఆలస్యమైందని డ్రైవర్ని మాత్రం తిట్టింది.

తర్వాత కరణం వచ్చి విచారించి వెళ్లాడు. జాబితా చివర కొత్తగా కలిపిన పేర్లలో నాదీ వచ్చింది. దేముడమ్మ, సోములు భార్య. మా ఆయన చూసి వచ్చి చెప్పినప్పుడు, "ఆఁ, వచ్చినాది" అన్నాడే తప్ప పేరు మాత్రం అనలేదు.

ఇక ఓటు ఎలా వేయాలో నాకు నేర్పే పని అత్త తలకెత్తుకుంది. మినప మళ్లలో వంగి పీకుతూనే పాఠం. "ఒకొక్కడికీ ఒకొక్క డబ్బా ఉంటాది. డబ్బా మీద బొమ్మ ఉంటాది. నీకు నచ్చిన బొమ్మ సూసుకుని కాయితం అందులో ఏసీడమే." అది ఆవిడ మొదటి ఎన్నికల్లో ఓటేసిన పద్ధతి. అరవై రెండులో జ్వరంతో పడుకుని వేయలేదు. ఇప్పుడలా కాదనీ, బొమ్మలన్నీ ఒకే కాగితం మీద ఉంటాయనీ, ముద్ర గుద్ది మడత పెట్టి ఒకే పెట్టెలో వేయాలనీ మా ఆయన చెబితే, "నువ్వూరుకోరా, నీకన్నా ముందునించి ఏస్తన్నాను" అంది.

పోలింగు మా ఊరి బళ్లోనే. పొద్దున్నే ఉతికిన చీరలు కట్టుకుని ఇద్దరం ఆడవాళ్ల వరసలో నిలబడ్డాం. ముందు అత్త, వెనక నేను. మా ఆయన మగాళ్ల వరసలో ఉన్నాడు. లోపల బల్ల దగ్గర విజయనగరం నుంచి వచ్చిన ప్రిసైడింగ్ ఆఫీసరు నారాయణమూర్తిగారు. గోడవారన పార్టీల ఏజెంట్లు. అందులో ఒకడు మా ఊరి గణపతిరావు. మా ఇంటి ఓట్లు తన పార్టీకి పడవని అతని లెక్క.

అత్త పేరు పిలిచారు. వేలికి సిరా వేశారు. రెండు కాగితాలిచ్చారు, ఒకటి ఢిల్లీకి, ఒకటి హైదరాబాదుకి. ఆవిడ అట్టల చాటుకి వెళ్లి, ముద్ర గుద్ది, కాగితాలు పట్టుకుని బయటికొచ్చి గదంతా కలయజూసింది.

"ఒకటే డబ్బా ఏటి బాబూ? అందరివీ కలిపీస్తారేటి?"

"మేం తర్వాత విడదీసుకుంటాంలెండమ్మా" అన్నారు నారాయణమూర్తిగారు నవ్వుతూ. నమ్మకం కుదరకపోయినా వేసింది. వేసి, గుమ్మం బయట నా కోసం నిలబడింది.

తర్వాత నేను. చీటీ చూసి బల్ల దగ్గరి గుమాస్తా పైకి చదివాడు. "దేముడమ్మ."

"ఆగండి!" అని లేచాడు గణపతిరావు. "దేముడమ్మ ఇప్పుడే ఏసీసినాది. ఇది అమ్మడు. ఊరంతా ఎరుగును. ఇది దొంగోటు."

సిరా కోసం చాచిన వేలు వెనక్కి తీసుకున్నాను.

"జాబితాలో ఇద్దరున్నారండీ. ఒకరు జగన్నాధం భార్య, ఒకరు సోములు భార్య" అన్నారు నారాయణమూర్తిగారు.

"జాబితాలో ఉంటే ఉంటాది బాబూ. ఈవిడే ఆవిడని ఎవులు సెప్పాల? అయిదేళ్లయ్యి ఈ ఊర్లో ఉన్నాది. దేముడమ్మా అని దీన్ని ఎవులైనా పిలవగా ఇన్నారేమో అడగండి." అభ్యంతరం చెప్పడానికి కట్టాల్సిన రుసుము కూడా తీసి బల్ల మీద పెట్టేశాడు. అతనన్నదాంట్లో అబద్ధం లేదు, అదీ నా ఖర్మ. ఎవరూ పిలవలేదు. ఎవరూ వినలేదు.

"నీ పేరేమిటమ్మా?" అన్నారు నారాయణమూర్తిగారు.

గుమ్మంలో అత్త నిలబడి ఉంది. నోరు తెరిచాను. మాట రాలేదు.

"పోనీ, మీ ఆయన పేరు?"

అది మరీ బాగుంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"సూసినారా? సొంత పేరే తెలీదు" అన్నాడు గణపతిరావు.

"రాసి సూపిస్తాను బాబూ" అన్నాను.

"రాయడం ఎవులైనా నేర్పుతారు!"

మగాళ్ల వరసలోంచి మా ఆయన్ని పిలిపించారు. ఆయన తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఈవిడ ఎవరయ్యా?"

"మా ఇంటిదండి."

"పేరు?"

ఆయన నన్ను చూశాడు. తల్లిని చూశాడు. బడి పైకప్పు చూశాడు. "అమ్మడండి" అన్నాడు.

గణపతిరావు బల్ల మీద ఒక్కటి చరిచాడు. నాకు భూమిలోకి దిగిపోదామనిపించింది.

"అది కాదయ్యా. అసలు పేరు చెప్పు."

"నోరు రాదండి."

"ఎందుకు రాదు?"

"మాయమ్మ పేరండి అది."

నారాయణమూర్తిగారు కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. ఆయనకు సంగతి అర్థమైంది, నమ్మాలనీ ఉంది. కానీ అభ్యంతరం వచ్చాక, ఈ మనిషి ఫలానా అని ఎవరో ఒకరు చెప్పాలి కదా. వరసలో ఆడవాళ్లను అడిగితే, "అమ్మడే బాబూ, మంచి మనిషే" అని మరింత మేలు చేశారు. ఇక వెనక్కి పంపేస్తారనుకున్నాను. దొంగోటుకి వచ్చిందన్న మాట మోసుకుని ఆ బళ్లోంచి ఊళ్లోకి ఎలా నడవాలా అని ఆలోచిస్తున్నాను.

అప్పుడు అత్త గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ఓటేసినవాళ్లు మళ్లీ రాకూడదని ఎవరో అంటున్నా ఆగలేదు. నాకు నాలుగడుగుల దూరంలో నిలబడి, పెరట్లోంచి పిలిచినంత మామూలుగా పిలిచింది.

"దేముడమ్మా."

"ఆఁ" అన్నాను. ఆలోచించి అన్నది కాదు, లోపలినుంచి దానంతటదే వచ్చేసింది.

"ఏటలా నిలబడిపోనావు? ఎల్లి ఓటెయ్యి."

గణపతిరావే ముందు తేరుకున్నాడు. "కోడలి కోసం అత్త అబద్ధమాడదేటి?"

అత్త అతని వైపు తిరిగింది. "గనపతీ, నీ పెళ్లాన్ని మీయమ్మ పేరెట్టి ఒక్కసారి పిలు. అబద్ధానికే పిలు. సూద్దాం."

గణపతిరావు మెల్లగా కూర్చున్నాడు. వరసంతా గొల్లుమంది. మగాళ్ల వరసలో కూడా నవ్వు పాకింది. నారాయణమూర్తిగారు కళ్లజోడు పెట్టుకుని, కాగితం మీద ఏదో రాసుకుంటూ, "అభ్యంతరం చెల్లదు. రామ్మా దేముడమ్మా" అన్నారు.

వేలికి సిరా చల్లగా తగిలింది. అట్టల చాటున, తడి ముద్ర పక్క బొమ్మకి అంటుకుంటుందేమోనని ఊది ఊది ఆరబెట్టి మడిచాను. ఎవరికి వేశానో ఆ రోజు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. మా ఆయన చాలాసార్లు అడిగి అడిగి ఊరుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ బొమ్మలు నాకు సరిగ్గా కనబడనే లేదు, కళ్లనిండా నీళ్లు.

బయటికి వచ్చి అత్త కాళ్ల మీదికి వంగాను. పెళ్లినాడు వంగమంటే వంగాను. ఆ రోజు ఎవరూ చెప్పకుండా వంగాను.

"లెగే, లెగు. నా పేరెట్టుకుని రోడ్డు మీద ఇలగ ఒంగితే నాకు సిన్నతనం కాదేటి?" అని రెక్క పట్టుకుని లేపింది. ఆవిడ బతికినన్నాళ్లూ తిట్లు తిన్నాను, పనులు చేశాను, అలిగాను, అలిగించాను. అత్తాకోడళ్లం మరి. కానీ తన పేరుతో ఇంకొకర్ని పిలవడానికి మనసు ఎంత పెద్దదై ఉండాలో నాకు తెలుసు. ఆవిడకి ఆ పేరు తప్ప సొంతమైనదేదీ పెద్దగా లేదు. దాన్ని నలుగురి ఎదుట నా చేతిలో పెట్టింది. ఆ రుణం నేను తీర్చుకోలేదు. తీరేది కాదు కూడా.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం. మినుము వాకిట్లో ఎండబోసి, అత్త నీడలో మంచం వేసుకుని నడుం వాల్చింది. నేను గుమ్మంలో కూర్చుని కోళ్లు రాకుండా కాస్తున్నాను. దడి అవతలనుంచి తవిటమ్మ కేకేసింది. తవిటమ్మ నా ఈడుది, ఆ రోజు వరసలో నా వెనకే నిలబడింది.

"దేముడమ్మా! ఓ దేముడమ్మా! ఒకసారిలా రాయే!"

"ఆఁ" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

నేను నాలిక్కరుచుకున్నాను. అత్త తలెత్తి దడి వైపు చూసింది, నా వైపు చూసింది. తర్వాత మెల్లగా అటు తిరిగి పడుకుని, కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"నువ్వెల్లే" అంది కొంగులోంచి. "ఇన్నేళ్లూ పలికి పలికి అలిసిపోనాను. ఆ పేరు పని ఇకనించి నువ్వు సూసుకో."